పాత బూట్లు, ఖాళీ కుర్చీ, తెరిచిన బైబిలు

గడ్డితో అల్లిన మామూలు కొయ్య కుర్చీ. దాని మీద ఒక పొగాకు పైపు, కాస్త పొగాకు. వెనకాల మూలన ఒక పెట్టె, అందులో మొలకలు వచ్చిన ఉల్లిపాయలు. కింద ఎర్రటి పెంకులు పరిచిన నేల. మనిషి జాడ లేదు. 1888లో వేసిన ఈ చిత్రం ఇప్పుడు లండన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఉంది. దేశదేశాల నుంచి వచ్చినవారు ఈ పేదవాడి కుర్చీ ముందు ఆగి నిలబడతారు. వేసినవాడు విన్సెంట్ వాన్‌గో. ఆ ఉల్లిపాయల పెట్టె మీదే ఆయన తన పేరు రాసుకున్నాడు.

వాన్‌గో అనగానే చాలామందికి పొద్దుతిరుగుడు పూలు, చుక్కల రాత్రి, కోసుకున్న చెవి గుర్తుకొస్తాయి. కానీ ఆయన ఒక పాస్టరుగారి కొడుకని, సువార్త పరిచర్య చేయాలని ఎంతో తపించాడని, సంఘ పెద్దలు వద్దన్న తర్వాతే బొమ్మల వైపు తిరిగాడని మన సంఘాల్లో తెలిసినవారు తక్కువ. ఆయన గీసిన బూట్లు, కుండలు, ఊయలలు, కుర్చీలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియాలంటే ఆ కథ మొదటి నుంచి చూడాలి.

1853 మార్చి 30న నెదర్లాండ్స్ దక్షిణ ప్రాంతంలోని గ్రూట్ జుండర్ట్ గ్రామంలో విన్సెంట్ జన్మించాడు. తండ్రి థియోడోరస్ డచ్ రిఫార్మ్‌డ్ సంఘానికి కాపరి. చుట్టుపక్కల అందరూ క్యాథలిక్కులే, ప్రొటెస్టెంట్లు పిడికెడు మంది. తల్లి అన్నా పూల బొమ్మలు చక్కగా వేసేది. సరిగ్గా ఏడాది క్రితం అదే తేదీన ఆ తల్లికి పుట్టిన మొదటి బిడ్డ ప్రాణం లేకుండా పుట్టాడు. అతనికీ విన్సెంట్ అనే పేరు పెట్టి చర్చి ఆవరణలో సమాధి చేశారు. ఆ రాతి మీద చెక్కిన తన పేరును చూస్తూనే రెండో విన్సెంట్ పెరిగాడు. నాలుగేళ్ల తర్వాత తమ్ముడు థియో పుట్టాడు. ఈ అన్నదమ్ముల అనుబంధం మరణం దాకా తెగలేదు.

పదహారేళ్లకు విన్సెంట్ గూపిల్ అనే చిత్రాల వ్యాపార సంస్థలో ఉద్యోగంలో చేరాడు. హేగ్, లండన్, పారిస్ శాఖల్లో పనిచేశాడు. అయితే రానురాను మనసు వ్యాపారం మీద నిలవలేదు. బైబిలు చదవడం, ఆరాధనలకు తిరగడం ఎక్కువైంది. 1876లో ఉద్యోగం పోయింది. ఇంగ్లండ్ వెళ్లి ఒక బడిలో ఉపాధ్యాయుడుగా, తర్వాత ఒక పాస్టరుగారికి సహాయకుడుగా ఉన్నాడు. ఆ ఏడాది శరత్కాలంలో రిచ్‌మండ్‌లోని మెథడిస్టు ఆలయంలో మొట్టమొదటి ప్రసంగం చేశాడు. ఈ భూమి మీద మనం పరదేశులమని చెప్పే 119వ కీర్తన 19వ వచనం ఆయన ఎన్నుకున్న వాక్యం.

అప్పటి నుంచి ఆయనకు ఒకటే కోరిక, తండ్రిలాగా వాక్య పరిచారకుడు కావాలి. 1877లో ఆమ్‌స్టర్‌డామ్ చేరి వేదశాస్త్ర విద్యకు ప్రవేశ పరీక్ష రాయడానికి లాటిన్, గ్రీకు నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఏడాది దాటాక ఆ చదువు తన వల్ల కాదని తేలిపోయింది. బీదలకు సువార్త చెప్పడానికి ఇంత వ్యాకరణం ఎందుకన్నది ఆయన బాధ. తర్వాత బ్రస్సెల్స్ దగ్గర సువార్తికుల శిక్షణాలయంలో మూడు నెలలు పరీక్షగా ఉండి చూశాడు. అక్కడా ఆయనను తీసుకోలేదు. అయినా పట్టు వదలకుండా 1878 డిసెంబరులో బెల్జియం బొగ్గు గనుల ప్రాంతమైన బోరినాజ్‌కు స్వయంగా వెళ్లాడు. అది చూసి సువార్త కమిటీ వారు మరుసటి ఏడాది ఆరంభంలో ఆరు నెలల పరీక్షా కాలానికి ఆయనను వాస్మ్ అనే ఊరికి నియమించారు.

బొగ్గు పొడితో నల్లబడిన ఆ ఊళ్లో విన్సెంట్ చేసిన పరిచర్యను తలచుకుంటే నేటికీ మనసు కలుక్కుమంటుంది. ఒక రొట్టెల వ్యాపారి ఇంట్లో మంచి బస దొరికితే, గని కార్మికులు ఎలా బతుకుతున్నారో తనూ అలాగే బతకాలని గుడిసెలోకి మారి గడ్డి మీద పడుకున్నాడు. బట్టలు పంచిపెట్టాడు. ఏడు వందల మీటర్ల లోతున్న గనిలోకి దిగి చూసి వచ్చాడు. 1879 ఏప్రిల్ 17న ఫ్రామెరీలోని అగ్రాప్ గనిలో పేలుడు జరిగి 121 మంది చనిపోయారు. గాయపడినవారికి, రోగులకు ఆయన దగ్గరుండి సేవచేశాడు.

ఆరు నెలలు గడిచాయి. కమిటీ కూర్చుంది. రోగుల పట్ల, గాయపడినవారి పట్ల ఆయన చూపిన త్యాగాన్ని నివేదికలో మెచ్చుకుంది. అయితే ప్రసంగం చేసే నేర్పు ఆయనకు లేదని, సువార్తికుడికి అది తప్పనిసరి అని రాసింది. నియామకాన్ని కొనసాగించలేదు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఆరు.

నేను కూడా పరిచర్యకు వచ్చే యువకులను పరీక్షించే బల్ల వెనక చాలాసార్లు కూర్చున్నవాడినే. వాక్పటిమ ఉందా, ఇంగ్లీషు వచ్చా, పాట పాడగలడా, మనిషి నలుగురిలో నెగ్గుకొస్తాడా అని చూశాను. ఎవరి గాయాలకు కట్టు కట్టావని ఎవరినైనా అడిగానా అంటే గుర్తు రావడం లేదు. కాబట్టి ఆ కమిటీ మీద రాయి వేయడానికి నాకు చెయ్యి రాదు. వారు చెడ్డవారు కారు. నిబంధనల ప్రకారం చూడవలసింది చూశారు, కానీ కళ్లెదుట ఉన్నదాన్ని చూడలేకపోయారు.

ఆ అవమానంలో ఒక చిన్న ఆదరణ దొరికింది. విన్సెంట్ నడుచుకుంటూ బ్రస్సెల్స్ వెళ్లి పీటర్‌సన్ అనే పాస్టరుగారిని కలిశాడు. ఆయనకు కూడా బొమ్మలు వేసే అలవాటు ఉంది. విన్సెంట్ తెచ్చిన గీతలను చూసి, ఒక గని కార్మికుడి బొమ్మను తనకిమ్మని అడిగి తీసుకున్నారు. చూడటానికి ఇది చాలా చిన్న సంగతి. అయితే అన్ని తలుపులూ మూసుకుపోయిన మనిషికి, తన చేతిలో ఉన్నదాన్ని ఒక దైవజనుడు కావాలని అడగడం ఎంత బలమిచ్చి ఉంటుందో ఊహించుకోండి. నీ చేతిలో ఉన్నదేమిటని దేవుడు మోషేను అడిగినప్పుడు కూడా అక్కడ ఉన్నది ఒక కర్రే కదా.

1880 ఆగస్టు నాటికి విన్సెంట్ నిర్ణయించుకున్నాడు. ఇక చిత్రకారుడే కావాలి. తమ్ముడు థియో తన జీతంలో నుంచి డబ్బు పంపడం మొదలుపెట్టాడు. చివరి వరకూ అన్నను పోషించింది ఆ తమ్ముడే. 1881లో విన్సెంట్ తండ్రి పనిచేస్తున్న ఎట్టెన్ గ్రామానికి తిరిగి వచ్చి, బట్టలు కుట్టే స్త్రీలను, పొలంలో పనిచేసేవారిని గీశాడు. ఆ ఏడాది చివర హేగ్ నగరంలో బంధువైన ఆంటన్ మావ్ అనే పేరున్న చిత్రకారుడి దగ్గరకు వెళితే, ఆయన ఈ శిష్యుడి ముందు పెట్టిన మొదటి పాఠం ఏమిటో తెలుసా? ఒక జత పాత చెక్క బూట్లు, ఇంకొన్ని ఇంటి వస్తువులు. కదలని వస్తువులను ఎదుట పెట్టుకుని వేసే ఇలాంటి బొమ్మలను స్టిల్ లైఫ్ అంటారు. క్యాబేజీ, చెక్క బూట్లు ఉన్న ఆయన తొలి రంగుల చిత్రం ఒకటి ఇప్పటికీ ఉంది.

ఆ రోజుల్లో చిత్రకళ నేర్చుకునేవారు స్టిల్ లైఫ్‌తో చెయ్యి సాధకం చేసుకునేవారు. డబ్బున్నవారి భోజనాల గదుల కోసం వేసే బొమ్మల్లో వెండి పళ్లాలు, గాజు గ్లాసులు, ఖరీదైన పండ్లు కనిపించేవి. విన్సెంట్ కన్ను మాత్రం అరిగిన వాటి మీదే నిలిచింది. మడమ అరిగిన బూటు, మసి పట్టిన కుండ, చేతులు పడిపడి నునుపెక్కిన పిడి. వస్తువు అరిగిన చోట దాన్ని వాడిన మనిషి కనబడతాడు. బోరినాజ్‌లో ఏ ఇళ్లలో కూర్చుని ప్రార్థన చేశాడో, ఆ ఇళ్లలో ఉండే వస్తువులే ఆ తర్వాత ఆయన కాగితం మీదికి వచ్చాయి.

అదే ఏడాది క్రిస్మస్ రోజున తండ్రీ కొడుకుల మధ్య పెద్ద గొడవ జరిగింది. ఆరాధనకు రానని విన్సెంట్ మొండికేశాడు. ఇల్లు విడిచి వెళ్లిపొమ్మని తండ్రి అన్నాడు. ఇందులో తప్పంతా తండ్రిదని చెప్పలేం. విన్సెంట్ కోపిష్టి, మాట పడనివాడు, ఎవరితోనూ సర్దుకోలేనివాడు. పాస్టరు ఇంట్లో పెద్ద కొడుకు ఆరాధన మానేస్తే ఆ తండ్రి సంఘం ముందు ఎలా తలెత్తుకున్నాడో మనలో కొందరికి బాగా తెలుసు.

హేగ్‌లో విన్సెంట్ వీధిన పడిన సీన్ అనే స్త్రీకి ఆశ్రయమిచ్చాడు. ఆమె గర్భవతి, వదిలేయబడినది, అంతకు ముందే ఒక కూతురు ఉంది. బంధుమిత్రులు చాలామంది ఆయనకు దూరమయ్యారు. 1882 జూలైలో ఆమెకు కొడుకు పుట్టాడు. విన్సెంట్ తన గదిలో ఆ పసివాడికి ఊయల సిద్ధం చేశాడు. దాని పైన గోడకు రెంబ్రాంట్ చిత్రానికి ప్రతి ఒకటి తగిలించాడు. అందులో ఇద్దరు స్త్రీలు ఊయల పక్కన కూర్చుని ఉంటారు, ఒకామె కొవ్వొత్తి వెలుగులో బైబిలు చదువుతూ ఉంటుంది. మరుసటి వసంతంలో ఊయల పక్కన మోకాళ్ల మీద కూర్చున్న ఒక బాలికను ఆయన గీశాడు. ఆ కాలంలోనే గంజి కేంద్రం దగ్గర గిన్నెలు పట్టుకున్న బీదలను, కాఫీ తాగే ముసలాయనను, భోజనానికి ముందు తల వంచి ప్రార్థించే వృద్ధుడిని పెన్సిలుతో, నల్ల సుద్దతో గీశాడు. ఆ కుటుంబ జీవితం రెండేళ్లు కూడా నిలవలేదు. దారిద్ర్యం, కలహాలు కలిసి విడదీశాయి.

1883 డిసెంబరులో దిక్కు లేక న్యూనెన్ గ్రామంలో ఉన్న తండ్రి దగ్గరికే తిరిగి వచ్చాడు. తల్లిదండ్రులు కాదనలేదు. బట్టలు చదును చేసే యంత్రం ఉన్న పార్సనేజీ వెనక గదిని ఆయనకు పని గదిగా ఇచ్చారు. అక్కడి నేతగాళ్ల ఇళ్లకు వెళ్లి మగ్గాలను, నూలు చుట్టే రాట్నాలను నెలల తరబడి గీశాడు. మగ్గాలు ఎరిగిన మన ప్రాంతపువారు ఆ బొమ్మలు చూస్తే, ఆ ఇరుకు గదిలో మనిషి కంటే మగ్గమే పెద్దదిగా ఉండటం వెంటనే గుర్తుపడతారు.

1885 మార్చి 26న తండ్రి బయటికి వెళ్లి తిరిగి వచ్చి ఇంటి గుమ్మం దగ్గరే కుప్పకూలి మరణించారు. తండ్రీ కొడుకుల మధ్య మాటలు పూర్తిగా చక్కబడక ముందే అది జరిగిపోయింది. ఆ తర్వాత కొద్ది రోజులకే విన్సెంట్ ఒక పూల పాత్రను, దాని ముందు తండ్రి పొగాకు పైపును, పొగాకు సంచిని పెట్టి చిత్రం వేశాడు. ఆ చిత్రం గీతను థియోకు రాసిన ఉత్తరంలో పంపాడు. సమాధి దగ్గర ప్రసంగం చేయలేనివాడు తండ్రి చేతిలో రోజూ ఉండే వస్తువులను ఎదుట పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ వేసవి దాటేసరికి మరో చిక్కు వచ్చింది. ఆయన బొమ్మలకు కూర్చున్న ఒక పల్లె యువతి గర్భవతి అయింది. ఊరివారు విన్సెంట్‌ను అనుమానించారు. తాను కారణం కాదని ఆయన చెప్పాడు. అక్కడి క్యాథలిక్ గురువు తన సంఘస్థులెవరూ ఆయన బొమ్మలకు కూర్చోవద్దని కట్టడి చేశారు. గీయడానికి మనుషులు దొరకలేదు. అప్పుడు విన్సెంట్ ఇంట్లో ఉన్నవాటి వైపు తిరిగాడు. బంగాళాదుంపల బుట్ట, మట్టి కుండలు, రాగి కెటిల్, పిల్లలు తెచ్చిచ్చిన పక్షి గూళ్లు. మనుషులను దూరం చేస్తే ఆ మనుషులు తినేవాటిని, వండుకునేవాటిని చిత్రించాడు.

ఆ అక్టోబరులోనే, ఒకే ఒక్క రోజులో, తన తండ్రి వాడిన పెద్ద బైబిలును బల్ల మీద తెరిచి పెట్టి వేశాడు. పక్కన ఆరిపోయిన కొవ్వొత్తి. ముందు అంచు నలిగిన పసుపు అట్టల నవల. అది ఎమిల్ జోలా రాసినది, దాని పేరుకు అర్థం జీవితానందం. తండ్రి ఇష్టపడని రకం పుస్తకం అది. తండ్రి విశ్వాసానికీ కొడుకు తిరుగుబాటుకూ మధ్య వాదంగా చాలామంది ఈ చిత్రాన్ని అర్థం చేసుకుంటారు, కొవ్వొత్తి తండ్రి మరణానికి గుర్తు అంటారు. అది నిజమే కావచ్చు. కానీ నన్ను ఆపేసేది వేరొకటి. ఆ బైబిలు తెరిచి ఉన్నది యెషయా గ్రంథం 53వ అధ్యాయం దగ్గర. అక్షరాలన్నీ మసకగా ఉన్నా ఆ శీర్షికను మాత్రం చదవగలిగేలా వేశాడు. మనుషులు చూడనొల్లక ముఖం తిప్పుకున్న, తృణీకరించిన, వ్యాధి నెరిగిన సేవకుని గురించిన అధ్యాయం అది. తండ్రితో పోట్లాడి, సంఘాన్ని వదిలేసి, పాస్టర్ల మాట ఎత్తితేనే కటువుగా మాట్లాడే కొడుకు, ఆ గ్రంథమంతటిలో ఆ ఒక్క పేజీనే మనకు చూపించాడు.

ఆ తర్వాత ఆయన పారిస్ వెళ్లాడు. 1886లో అక్కడ ఒక జత బూట్లు వేశాడు. తాళ్లు ఊడిపోయి, తోలు ముడతలు పడి, ఎంతో దూరం నడిచి వచ్చి ఇప్పుడే విప్పినట్టు ఉంటాయి. 1888లో ఫ్రాన్స్ దక్షిణాన ఆర్ల్ పట్టణం చేరాడు. కొత్తగా కొనుక్కున్న నీలం ఎనామిల్ కాఫీ పాత్రను, కప్పులను, పాల చెంబును, నారింజలను, నిమ్మకాయలను కలిపి ఒక చిత్రం వేశాడు. చిత్రకారులందరూ సహోదరుల్లా కలిసి బతకాలని కలలుగని ఒక పసుపు రంగు ఇల్లు అద్దెకు తీసుకుని పన్నెండు కుర్చీలు కొన్నాడు. వచ్చినవాడు ఒక్కడే, పాల్ గోగాన్. ఇద్దరికీ పడలేదు. డిసెంబరు 23 రాత్రి మతి చలించి విన్సెంట్ తన చెవి కోసుకున్నాడు. గోగాన్ వెళ్లిపోయాడు. మొదట చెప్పుకున్న ఆ ఖాళీ కుర్చీ ఆ రోజులది.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక 1889 జనవరిలో వేసిన మొదటి చిత్రాల్లో ఒకటి ఇలా ఉంటుంది. బల్ల మీద పళ్లెంలో ఉల్లిపాయలు, పైపు, వెలిగించిన కొవ్వొత్తి, ముద్ర వేసే లక్క, ఒక ఇంటి వైద్యం పుస్తకం, తమ్ముడి నుంచి వచ్చిన ఉత్తరం. న్యూనెన్ బైబిలు పక్కన ఆరిపోయి ఉన్న కొవ్వొత్తి ఇక్కడ వెలుగుతోంది. బతకాలన్న ఆశ ఇంకా ఉందని దీన్ని చూస్తే నాకనిపిస్తుంది.

1889 మే నుంచి ఏడాదిపాటు సాన్ రేమీలోని మానసిక చికిత్సాలయంలో గడిపాడు. అక్కడ ఉండగా రెంబ్రాంట్‌ను చూసి లాజరు లేపబడటాన్ని, డెలాక్రాను చూసి మంచి సమరయుడిని చిత్రించాడు. లాజరు ముఖానికి తన ఎర్ర గడ్డం పెట్టాడు. సమాధిలో పడి ఉన్న ఆ మనిషి తానేనని ఆయన అనుకున్నాడేమో. 1890 జూలై 27న ఓవెర్ గ్రామంలో తుపాకీ గాయంతో గదికి వచ్చాడు. తనను తానే కాల్చుకున్నాడని ఎక్కువమంది పరిశోధకులు అంటారు. థియో పరుగున వచ్చి పక్కన కూర్చున్నాడు. 29న తెల్లవారుజామున తమ్ముడి ముందే ప్రాణం విడిచాడు. వయసు ముప్పై ఏడు. ఆత్మహత్య కాబట్టి ఊరి గుడి శవవాహనం ఇవ్వలేదు, పక్క ఊరి నుంచి తెచ్చుకోవలసి వచ్చింది. ఆరు నెలలు తిరగకుండానే థియో కూడా మరణించాడు. థియో భార్య జోహన్నా చంటిబిడ్డతో ఉండి, ఆ చిత్రాలను, ఉత్తరాలను పోగొట్టకుండా కాపాడి 1914లో ఉత్తరాలను అచ్చు వేయించింది. ఆమె లేకపోతే లోకానికి వాన్‌గో లేడు. ఆ ఏడాదే థియో అస్థికలను తెప్పించి అన్న పక్కన సమాధి చేయించింది.

విన్సెంట్‌ను నేను పరిశుద్ధుడని చెప్పబోవడం లేదు. ఆయన సంఘాన్ని విడిచాడు, చాలామందిని బాధపెట్టాడు, ముగింపు విషాదం. ఆయన ఆత్మను తీర్పు తీర్చే పని నాది కాదు, మీది కాదు. అది ఆయనను చేసినవాడిది. కానీ ఒక మాట మనకు తగలాలి. దీపం, పుల్లని పిండి, పాత బట్టకు మాసిక, పోయిన నాణెం కోసం ఊడ్చే ఇల్లు, ఇలా ఇంటి వస్తువులతోనే మన ప్రభువు పరలోక రాజ్యాన్ని చెప్పాడు. బలిపీఠం ముందుండే పాత్రలకు ఎంత పవిత్రతో, యెరూషలేములోని వంట కుండలకూ అంత పవిత్రత వచ్చే రోజు ఉందని జెకర్యా తన గ్రంథం చివరి అధ్యాయంలో చూశాడు. మాట రాదని తిరస్కరించబడినవాడు బీదవాడి కుండను, కుర్చీని గౌరవంతో గీసి ఆ వాక్యాలనే మనకు గుర్తుచేశాడు.

ఈ ఆదివారం ఆరాధన తర్వాత ఆలయం గుమ్మం దగ్గర విడిచిన చెప్పులను ఒకసారి చూడండి. అరిగిపోయి, పిన్నీసుతో కుట్టుకున్న జత ఎవరిదో గమనించండి. మీ ఎదురింట్లో మాటామంతీ లేకుండా గదిలో కూర్చునే యువకుడి పేరు అడగండి. ఆత్మహత్య జరిగిన ఇంటికి మన సంఘం ఎలా వెళుతుందో, అసలు వెళుతుందో లేదో ఆలోచించండి. బైబిలులో యెషయా 53వ అధ్యాయానికి కొన్ని పేజీల ముందే 42వ అధ్యాయం ఉంది. ఆరిపోబోతూ పొగలాడే వత్తిని ఆర్పని సేవకుడు అక్కడ ఉన్నాడు. ఆయన ఆర్పని వత్తిని ఆర్పే హక్కు ఆయన సంఘానికి లేదు.